మామ్మగారు దాయా కోట ఎక్కిన వాన రోజు

ఈ దేశంలో వాన పడితే జనం గొడుగు తియ్యరు, ఫోను తీస్తారు. నేను కొత్తగా వచ్చి అజ్మాన్‌లో హాస్పిటల్ డ్యూటీ చేస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నాలుగు చినుకులు పడ్డాయి. మంచాల మీద లేవగలిగినవాళ్ళందరూ లేచారు. ఎప్పుడూ మొహం గంటు పెట్టుకుని తిరిగే మా ముదీర్ గారు కూడా, అంటే మా పై అధికారి, కిటికీ దగ్గరికి పరుగెత్తి చెయ్యి బయటికి చాపాడు. గోదావరి పక్కన పుట్టి, ఏడాదిలో సగం రోజులు ఆరని బట్టల వాసన మధ్య పెరిగినదాన్ని, నాకు నవ్వాగలేదు. "ఏవిటండీ ఈ సంబరం, వాన మొహం ఎరగనట్టు!" అన్నాను పక్కనున్న నర్సుతో. నాలుగేళ్ళు తిరిగేసరికి నేనూ కిటికీ దగ్గరికి పరుగెత్తడం మొదలుపెట్టాను. ఎండ మనిషిని అలా లొంగదీస్తుంది.

కరోనా కాలమంతా ఆ హాస్పిటల్లోనే గడిచింది. దాని గురించి ఇక్కడ రాయను. అది అయ్యాక మాత్రం వార్డులోకి అడుగు పెట్టాలంటే కాళ్ళు బరువెక్కేవి. ఇంటి దగ్గర ఒకే పేషెంటును చూసుకునే ఉద్యోగం ఉందని తెలిసి, జీతం కాస్త తక్కువైనా మారిపోయాను. అలా రాస్ అల్ ఖైమాలో ఒక జపాను ఇంట్లో చేరాను. ఇంట్లో ఇద్దరే మనుషులు. ఫ్యాక్టరీలో ఇంజినీరుగా పనిచేసే కూతురు, ఎనభై దాటిన తల్లి. పనిరోజుల్లో కంపెనీ కారు తోలే జగిత్యాల తమ్ముడొకడు వస్తూ పోతూ ఉండేవాడు. నాకు తెలుగు వినపడేది అతని నోటి నుంచే కాబట్టి, అతను చెప్పే ప్రతి ముచ్చటా తియ్యగా ఉండేది, అబద్ధాలతో సహా.

పెద్దావిడను నేను మామ్మగారూ అని పిలిచాను. మా వైపు నాయనమ్మను మామ్మ అంటాం. ఆవిడకు తెలుగు రాదు, నాకు జపాను భాష రాదు, ఇద్దరికీ కలిపి ఒక పిడికెడు ఇంగ్లీషు ఉంది. ఆ పిలుపు ఆవిడకు ఎందుకో నచ్చింది. "మామ్మగారూ" అంటే చాలు, ఎంత చిరాకులో ఉన్నా తల తిప్పేది. భర్త పోయాక కూతురు ఆవిడను ఇక్కడికి తెచ్చుకుందట. వచ్చిన కొన్నాళ్ళకే బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగా జరిగింది, ఎముక అతుక్కుంది. నడవమని డాక్టరు చెప్పాడు. ఆవిడ నడవలేదు.

నడవలేక కాదు, నడవక. ఇరవై ఏళ్ళు నర్సుగా ఉన్నదానికి ఆ తేడా తెలుస్తుంది. రోజూ పొద్దున్నా సాయంత్రం నడుముకి బెల్టు కట్టి, వాకర్ చేతికిచ్చి లేవదీసేదాన్ని. లేచేది. నిలబడేది. తన బరువంతా నా భుజం మీద వేసేసి, నేల వైపు చూస్తూ ఉండిపోయేది. "ఒక్క అడుగు, మామ్మగారూ" అని బతిమాలేదాన్ని, బుజ్జగించేదాన్ని, విసుక్కునేదాన్ని. నా నోరు మంచిది కాదని మా అమ్మే అనేది, ఇక పేషెంట్లు అనడంలో వింతేముంది. ఒక రోజు ఒళ్ళు మండి, "మీరు గాని మా ఊళ్ళో ఉంటే ఈపాటికి మజ్జిగ చిలికించేదాన్ని మీ చేత" అని తెలుగులోనే అరిచాను. ఆవిడ నా వైపు ప్రశాంతంగా చూసి, చేత్తో గదంతా చూపించి, "వేర్?" అంది. నడవమంటున్నావు సరే, ఎక్కడికి? తెల్లటి పాలరాతి నేల, తెల్లటి గోడలు, ఏసీ చప్పుడు. మంచం నుంచి సోఫాకి, సోఫా నుంచి మంచానికి. నాకు ఇంకా కోపం వచ్చింది.

ఒక సంగతి మాత్రం మాకు బాగా కుదిరింది. ఆవిడ పొద్దున్నే మెత్తగా ఉడికిన అన్నం జావలా తాగేది, పక్కన ఉప్పులో ఊరిన పుల్లటి రేగిపండు లాంటిదొకటి పెట్టుకుని. నాకు చిన్నప్పటి గంజీ, ఊరగాయ ముక్కా గుర్తొచ్చి నోరూరింది. మర్నాటి నుంచి ఇద్దరం ఒకే గిన్నెలోది పోసుకున్నాం. నా ఉసిరికాయ పచ్చడి ఆవిడ రుచి చూసి, కళ్ళు గట్టిగా మూసుకుని, తెరిచి, మళ్ళీ గిన్నె చాపింది. భాష లేకపోయినా స్నేహం పుడుతుందని ఆ ఇంట్లోనే తెలుసుకున్నాను.

మంచానికి ఎదురుగా గోడ మీద ఒక ఫోటో ఉండేది. నల్లటి పెద్ద రాళ్ళు పేర్చిన వాలు గోడ, దాని కింద పచ్చటి నీళ్ళు, వాన, దూరంగా ఒక గొడుగు. చూడగానే కాలవ గట్టుకి రాతి కట్టుబడి అనుకున్నాను, మా ధవళేశ్వరం వైపు ఉన్నట్టు. అది కోట అని కూతురు చెప్పింది. కోటంటే గోడే. పైన ఉన్న చెక్క మేడలు ఎప్పుడో పోయాయట, రాతి గోడలూ కందకమూ మాత్రం మిగిలాయట. వాళ్ళ ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దగ్గర. వాన పడ్డ రోజల్లా వాళ్ళమ్మా నాన్నా ఒకే గొడుగులో ఆ గోడ దాకా వెళ్ళి వచ్చేవాళ్ళట. ఎండలో ఆ రాళ్ళన్నీ ఒకేలా కనపడతాయి, తడిస్తేనే దేని రంగు దానికి బయటపడుతుంది అని వాళ్ళ నాన్న అనేవాడట.

"కోట పోయి గోడ మిగిలితే, దాన్ని చూడ్డానికి వానలో వెళ్ళడమా?" అన్నాను డ్రైవరు తమ్ముడితో.

"పెద్ద మనుషుల ఇష్కులు గట్లనే ఉంటయక్కా" అన్నాడు.

చలికాలం మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం మేడమ్, అంటే ఆ కూతురు, నన్ను వంటింట్లోకి పిలిచింది. ఆవిడ ఏ మాటైనా ముందు టీ పోసి గాని చెప్పదు. ఆ రోజూ టీ పోసింది. తర్వాత చెప్పింది. తను రోజంతా ఫ్యాక్టరీలో, అమ్మ మంచంలో, ఇలా ఎంతకాలం? జపానులో ముసలివాళ్ళను చూసుకునే హోము ఒకటి మాట్లాడింది. వాళ్ళ ఊళ్ళో కాదు, దూరపు పట్నంలో. అక్కడే ఖాళీ ఉందట. చలి తగ్గాక తీసుకెళ్ళి చేర్చాలి.

"నడిస్తేనో?" అన్నాను.

"తనంతట తను నడవగలిగితే ఎందుకు పంపిస్తాను? ఇక్కడే, నా దగ్గరే ఉంటుంది."

ఆ మాట నాకు చాలు. నిజం చెబుతున్నాను, మామ్మగారు వెళ్ళిపోతారన్న ఊహే నేను భరించలేకపోయాను. ఉద్యోగం పోతుందని కాదు. నర్సుకి ఇక్కడ పనికి కరువు లేదు. ఆవిడంటే నాకు ప్రాణం అయిపోయింది, అంతే. ఊరూ పేరూ తెలియని చోట, తెల్లటి గోడల మధ్య, ఆవిడ పుల్లటి పండు పక్కన పెట్టకుండా జావ ఇస్తారేమోనని నాకు నిద్ర పట్టేది కాదు. మర్నాటి నుంచి నా బతిమాలడాలు రెట్టింపయ్యాయి. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. మొండి మామ్మ ఇంకా బలవంతురాలు. ఒక్క అడుగు వెయ్యలేదు.

అలా ఉండగా ఒక శనివారం పొద్దున్నే వాన పట్టుకుంది. ఇక్కడ పడే పదినిమిషాల చినుకు కాదు. ఆకాశమంతా ఒకటే ముసురు, సన్నగా, ఆగకుండా, అచ్చం మా వైపు వానే. నేను లేచి వెళ్ళేసరికి మామ్మగారు అప్పటికే మంచం అంచున కూర్చుని ఉన్నారు. ఒంటరిగా లేచి కూర్చోవడం అదే మొదటిసారి. కిటికీ వైపు చెయ్యి చూపించి, గోడ మీద ఫోటో వైపు చూపించి, "రెయిన్. స్టోన్. గో" అంది. నేను అర్థం కానట్టు నటించాను. మళ్ళీ అదే అంది, ఈసారి కాస్త గట్టిగా.

మేడమ్ వచ్చి తల్లి పక్కన కూర్చుని ఏదో నచ్చజెప్పింది. జపాను ఎక్కడ, మనమెక్కడ అనే చెప్పి ఉంటుంది. అంతలో ఫ్యాక్టరీ కాగితాలేవో ఇవ్వడానికి వచ్చిన డ్రైవరు తమ్ముడు గుమ్మంలో తలపాగాలా చుట్టుకున్న టవలు తీసి పిండుకుంటూ సంగతేమిటని అడిగాడు. చెప్పాను.

"గంతేనా? గీడ దాయాల పాత కోటున్నది గదక్కా, గుట్ట మీద. రామ్స్ దాటినంక. రాళ్ళే, గోడలే. మేడమ్‌కి చెప్పు, తోల్కపోత."

"వానలో కొండల్లోకా? పోలీసులు రోడ్లు మూసేస్తారు."

"లోపటి వాదీల, గా వాగుల తోవలు బంద్ వెడ్తరు. గిది రోడ్డు పక్కనే ఉన్నది. నీల్లు రావు. ఫికర్ జెయ్యకు."

మేడమ్ తల్లి మొహం చూసింది. ఆ మొహంలో ఎన్ని నెలల తర్వాతో ఒక కోరిక కనపడింది. కారులో కూర్చుని చూసి వచ్చేద్దాం అంది. వీల్‌చెయిరు మాత్రం డిక్కీలో పెట్టాం.

దారంతా పండగలా ఉంది. రౌండ్‌అబౌట్ల చుట్టూ నీళ్ళు నిలిచాయి, కార్లు కావాలనే ఆ నీళ్ళలోంచి పోతున్నాయి. క్వారీ లారీలన్నీ ఒక పక్కకు ఆగి ఉన్నాయి, డ్రైవర్లు కింద నిలబడి టీ తాగుతున్నారు. ఎప్పుడూ దుమ్ము పట్టి బూడిద రంగులో ఉండే కొండల మీద నుంచి సన్నటి తెల్లటి ధారలు దిగుతున్నాయి. మామ్మగారు అద్దానికి నుదురు ఆనించి చూస్తున్నారు. నేను ఆవిడ మోకాళ్ళ మీద శాలువా సర్దుతూ, ఇంటికెళ్ళాక మిరపకాయ బజ్జీలు వెయ్యాలని ఆలోచిస్తున్నాను. వాన పడితే నా బుర్ర అంతకు మించి పని చెయ్యదు.

దాయా కోట చిన్నది. ఖర్జూరపు తోటల వెనక ఒక గుట్ట, గుట్ట నెత్తిన రెండు బురుజులు. ఎప్పుడో ఇంగ్లీషువాళ్ళ ఫిరంగులు కొట్టాయట, తర్వాత బాగుచేశారు. గుట్ట చుట్టూ తిప్పి పైదాకా రాతి మెట్లు కట్టారు, ఒక వైపు పట్టుకోవడానికి కమ్మీ ఉంది. మేము వెళ్ళేసరికి ఇంకెవరూ లేరు. కారులోంచి చూస్తే మెట్ల మొదటి మలుపు దగ్గర పాత గోడ ముక్కొకటి కనిపించింది. మామ్మగారు దాన్నే చూస్తున్నారు. చూసి, వీల్‌చెయిరు కావాలని చేత్తో చక్రాలు తిప్పి చూపించారు. అదే సమయానికి మేడమ్ ఫోను మోగింది. ఫ్యాక్టరీలో ఎక్కడో కప్పు కారి నీళ్ళు పడుతున్నాయట. మెట్ల దాకా తోసుకెళ్ళి తీసుకొచ్చెయ్యమని నాకు సైగ చేసి, ఆవిడ కారులోనే ఉండిపోయింది.

డ్రైవరు తమ్ముడు గొడుగు పట్టాడు, నేను కుర్చీ తోశాను. మెట్ల కింద ఆపి బ్రేకు వేశాను. మామ్మగారికి ఆ గోడ దగ్గర నుంచి కనపడాలంటే ఒకటే దారి, నేను పైకెళ్ళి ఫోటో తీసి తీసుకురావడం. "మీరిక్కడే ఉండండి, నేను వెళ్ళి తెస్తాను" అని ఫోను చూపించి చెప్పి, మెట్టు మీద కాలు పెట్టాను.

"అక్కా, గిదేమన్న గుడా? చెప్పులెందుకు ఇడిసినవ్?"

కిందికి చూసుకున్నాను. నా చెప్పులు ఒకటి అటు, ఒకటి ఇటు పడి ఉన్నాయి. నేను వట్టి కాళ్ళతో తడి రాయి మీద నిలబడి ఉన్నాను. ఎప్పుడు విడిచానో నాకే తెలియదు. మా అమ్మ ప్రతి ఏడూ తిరునాళ్ళకి నన్ను బెజవాడ గుణదల కొండకి తీసుకెళ్ళేది. మరియమ్మ తల్లి కొండ. కింద మెట్టు దగ్గర చెప్పులు విడిచి, మెట్టు మెట్టుకీ కొవ్వొత్తి వెలిగించుకుంటూ ఎక్కేవాళ్ళం. కొండకి కట్టిన మెట్లు కనపడగానే కాళ్ళు వాటంతట అవే చెప్పులు వదిలేశాయి. నాకు నవ్వూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. "అలవాటు తమ్ముడూ. కొండ మెట్టు కదా" అన్నాను.

వెనక నుంచి చర్రుమని చప్పుడైంది. తిరిగి చూస్తే మామ్మగారు కుర్చీలోంచి వంగి బూట్ల పట్టీ ఊడదీస్తున్నారు. ఒక బూటు అయిపోయింది, రెండోది కానిస్తున్నారు. తర్వాత మేజోళ్ళు. ఆవిడ దేశంలోనూ చెప్పులు విడిచే చోట్లు చాలా ఉన్నాయి కదా. నేను విడవడం చూసి, ఇక్కడి కోటలకి ఇదే మర్యాద అనుకున్నారు. కాదని చెప్పడానికి నాకు మాటలు లేవు. "నో, నో మామ్మగారూ, ఇది గుడి కాదు" అంటూ తెలుగూ ఇంగ్లీషూ కలిపి అరుస్తున్నాను. జారకుండా ఉండే బూట్లు లేకుండా ఆవిడ కాలు నేలకు ఆననివ్వకూడదని ఫిజియో వాళ్ళు మరీ మరీ చెప్పారు. నర్సును నేనే, చెప్పులు విడిచి దారి చూపించింది నేనే!

ఆవిడ నా అరుపులు పట్టించుకోలేదు. తన బూట్లు రెండూ జతగా, ముక్కులు బయటికి తిరిగేలా కుర్చీ పక్కన పెట్టారు. తర్వాత నా చెప్పుల వైపు వేలు చూపించారు. పెద్దవాళ్ళు అలా చూపిస్తే ఏ దేశంలోనైనా అర్థం ఒకటే. డ్రైవరు తమ్ముడు గబగబా వాటిని తీసి ఆ బూట్ల పక్కనే వరసగా పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోక తన బూట్లు కూడా విప్పేశాడు.

"నీకేమొచ్చిందయ్యా?"

"పెద్దామె ఉత్త కాళ్ళతోని ఉంటె నేను బూట్లేసుకుని ఎట్ల నిలవడ్తక్కా?"

మామ్మగారు పాదాలు రాతి మీద ఆనించారు. తెల్లగా, నెలల తరబడి మేజోళ్ళలో నానిన పాదాలు. కాలివేళ్ళు ముందు ముడుచుకున్నాయి, తర్వాత ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. చల్లటి నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి పోతుంటే కాసేపు వాటినే చూశారు. చూసి, నా చెయ్యి అందుకుని లేచారు.

బయల్దేరేటప్పుడు ఆవిడ నడుముకి కట్టిన బెల్టు పట్టుకున్నాను. ఇన్నాళ్ళూ ఆవిడను లేవదీస్తే బియ్యం బస్తా ఎత్తినట్టే ఉండేది, బరువంతా నా మీదే. ఆ రోజు నా భుజం మీద సగం బరువు కూడా లేదు. మిగతాది ఆవిడ కాళ్ళ మీద ఉంది. అది చాలు నాకు. ఇక కూర్చోబెట్టాలన్న నాలోని నర్సు వెనక్కి తగ్గింది.

మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు వెయ్యాలి, దిగేటప్పుడు దెబ్బ తిన్న కాలు ముందు వెయ్యాలి. అది నేను రోజూ చెప్పే పాఠం. రోజూ ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ విననట్టు కూర్చునేది. ఇప్పుడు కుడి చేత్తో కమ్మీ పట్టుకుని, మంచి కాలు ముందు వేసింది. తర్వాత రెండోది లాక్కుంది. ఆగింది. మళ్ళీ మంచి కాలు. పాఠమంతా ఒంటబట్టించుకునే కూర్చుంది, దొంగ మామ్మ!

"మంచిగ పట్టుకో అక్కా, జారితే ఖలాస్. నేను ఎన్కకెళ్లి వస్త" అంటూ తమ్ముడు వెనక నిలబడి గొడుగు మొత్తం ఆవిడ మీదే పట్టాడు. వాడి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. నేను దారంతా "ఏసు తండ్రీ, ఏసు తండ్రీ" అంటూనే ఉన్నాను. వాడు వెనక నుంచి "ఆంజనేయా" అంటున్నాడు. ఆవిడ ఎవరిని తలుచుకుందో తెలియదు, ఊపిరి మాత్రం వినపడుతోంది.

గోడ దగ్గరికి చేరాం. ఎత్తేమీ కాదు, నా భుజం దాకా ఉంటుందేమో. నేను కింద నుంచి చూసినప్పుడు అదంతా ఒకటే మట్టి రంగు. దగ్గరికి వచ్చి చూస్తే వాన దుమ్మంతా కడిగేసింది. ఒక రాయి కుంకుడుకాయ రంగు, ఒకటి ఇటుక ఎరుపు, ఒకటి నీలం కలిసిన బూడిద రంగు. మామ్మగారి భర్త అన్న మాట నిజమే. మామ్మగారు రెండు అరచేతులూ గోడకి ఆనించి, నా భుజం మీద నుంచి పూర్తిగా బరువు తీసేసి నిలబడ్డారు. నాకు కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. వానలో తుడుచుకోవలసిన పని లేకపోయింది.

అప్పుడు కింద నుంచి మేడమ్ కేక వినిపించింది. "ఒకాసాన్!" అంటే అమ్మా అని. గొడుగు లేకుండా కారు దిగి పరుగెత్తుకొచ్చి మెట్ల కింద నిలబడిపోయింది. వరసగా పెట్టిన మూడు జతల్నీ, పైన ఉత్త కాళ్ళతో ఉన్న తల్లినీ చూస్తోంది. మామ్మగారు తల మాత్రం తిప్పి, నిదానంగా ఏదో చెప్పారు. చిన్న మాట కాదు, రెండు మూడు వాక్యాలు. మేడమ్ కింద నుంచి ఏదో అడిగింది, ఆవిడ ఒక్క మాటలో జవాబిచ్చారు. విని, ఉన్న చోటే తడి మెట్టు మీద కూర్చుండిపోయి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకున్నాను. నేనూ ఏడుస్తున్నాను కదా!

దిగడం ఎక్కడం కన్నా కష్టమైంది. తమ్ముడు మా ముందు వెనక్కి నడుచుకుంటూ దిగాడు, పడితే తన మీద పడాలని. కింద బూట్లూ చెప్పులూ నిండా నీళ్ళతో ఉన్నాయి. వాడు ఒక్కొక్కటీ ఎత్తి బోర్లిస్తుంటే మామ్మగారు పకపకా నవ్వారు. ఆవిడ నవ్వు నేను వినడం అదే మొదలు. సన్నగా, చిన్నపిల్ల నవ్వులా ఉంది.

కారులో నా నోటికి పట్టపగ్గాల్లేవు. "చూశావా తమ్ముడూ, ఇక హోమూ లేదు గీమూ లేదు. ఇక్కడే ఉంటారు మామ్మగారు. వారానికోసారి తీసుకొద్దాం. నువ్వు కారు తియ్యాలి, ఏవంటావు?" అంటూ ఊదరగొట్టేస్తున్నాను. మామ్మగారు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. రామ్స్ దాటాక ముందు సీట్లోంచి మేడమ్ వెనక్కి తిరిగింది.

"అమ్మ అక్కడ ఏమన్నదో మీకు చెప్పాలి" అంది. "ఇక్కడి రాయి ఎక్కగలిగాను, అక్కడిదీ ఎక్కగలను అంది. ఇంటికి వెళ్తానంది. మా ఊరికి, తన ఇంటికి. ఒక్కదానివేనా అన్నాను. ఒక్కదాన్నే అంది."

"మరి ఆవిడ ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"హోము మాట్లాడేముందు, ఎక్కడుంటావని నేను అడిగాను. ఎక్కడైనా ఒకటే అంది. మంచం దిగలేని మనిషిని కోరిక అడిగితే ఇంకేం చెబుతుంది?" అని మేడమ్ అటు తిరిగి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

తెలుగులో తమ్ముడికి చెప్పాను. "కొండనాలికకు మందేస్తే ఉన్న నాలిక ఊడ్డట్టయింది గదక్కా" అన్నాడు వాడు. నిజమే. నాకు కోపం వచ్చింది. నా భుజం మీద నిద్రపోతున్న ఆ ముసలిదాని మీదే వచ్చింది. ఇన్ని నెలలు చాకిరీ చేయించుకుని, నడిచిన మొదటి రోజే వెళ్ళిపోతానంటుందా? నా దగ్గర ఏం తక్కువైంది? ఆ కోపంలోనే ఆవిడ జారిపోకుండా భుజం కదపకుండా కూర్చున్నాను. ఆ సాయంత్రం బజ్జీలు వెయ్యలేదు.

రెండు రోజులు మూతి ముడుచుకునే తిరిగాను. మూడో రోజు మేడమ్ మళ్ళీ టీ పోసింది. హోము వద్దని చెప్పేసిందట. తల్లి ఇంటి పక్కవాళ్ళతో మాట్లాడిందట, పగలు ఒకావిడ వచ్చి వంట చేసి పెడుతుంది. "కానీ ఆ ఇంట్లో మెట్లున్నాయి. గోడ దాకా దారిలోనూ మెట్లే. అమ్మ ఎలాగైనా వెళ్తుంది, నాకు తెలుసు. ఎవరూ పట్టుకోకుండా దిగి ఎక్కగలదని మీరు చెబితేనే పంపిస్తాను. డాక్టరు మాట కన్నా నాకు మీ మాట మీదే నమ్మకం" అంది.

ఇలా నా మెడకే చుట్టుకుంది. కాదంటే చాలు. ఇంకా కాళ్ళు గట్టిపడలేదండీ, మరి కొన్నాళ్ళు చూద్దామండీ అంటే ఎవరు కాదంటారు? ఆ రాత్రి ఆ మాటే పదిసార్లు అనుకున్నాను. తెల్లారి లేచి జావ పెడుతుంటే మామ్మగారు వాకర్ పట్టుకుని తనంతట తను వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. "గుడ్ మార్నింగ్" అన్నారు. ఆ వయసులో ఒక మనిషికి ఒక చోటికి వెళ్ళాలని ఉంది. నాకేమో ఆవిడను ఉంచుకోవాలని ఉంది. రెండూ ప్రేమేనని సర్ది చెప్పుకోవచ్చు, కానీ ఆవిడది ఆవిడ బతుకు. జావ గిన్నెలు కడిగేసి, ఆవిడను మా బిల్డింగ్ మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆ చలికాలమంతా మెట్లమీదే గడిచింది. నేను ఏ పేషెంటు చేతా అంత కష్టపడి చేయించలేదు. తప్పు వేస్తే తిట్టేదాన్ని, ఆవిడా జపాను భాషలో ఏదో తిట్టేది. ఎదురింటి ఈజిప్టు ఆవిడ మమ్మల్ని చూసి నవ్వి, రోజూ రెండు ఖర్జూరాలు చేతిలో పెట్టి వెళ్ళేది. మొదట బెల్టు పట్టుకుని, తర్వాత మోచెయ్యి పట్టుకుని, తర్వాత కొంగు మాత్రం అందేంత దూరంలో నడిచాను. ఆవిడ కాళ్ళలో రోజురోజుకీ బలం పెరుగుతుంటే నర్సుగా పొంగిపోయేదాన్ని, గదిలోకి వచ్చి తలుపేసుకుని ఏడ్చేదాన్ని.

చివరి రోజు మేడమ్ కింద నిలబడింది. నేను పైన, మామ్మగారి వెనక. ఆవిడ కమ్మీ పట్టుకుని, దెబ్బ తిన్న కాలు ముందు వేసి దిగడం మొదలుపెట్టారు. మధ్యలో ఒక మెట్టు మీద ఒక్క క్షణం తూలారు. ఇరవై ఏళ్ళుగా తూలే మనిషిని పట్టుకోవడమే నా పని. నా చేతులు వాటంతట అవే ముందుకు పోయాయి. వెనక్కి లాక్కుని, వీపు వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ సర్దుకున్నారు. వెనక్కి చూడలేదు. మిగతా మెట్లన్నీ దిగి కింద నేల మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడ్డారు.

మేడమ్ తల్లిని చూడలేదు, నన్ను చూసింది. ఏమంటావని కళ్ళతోనే అడిగింది.

"పంపించండి మేడమ్" అన్నాను.